బండి మీది, బాదుడు చట్టానిది

తెనాలి శిల్పుల చేతిలో ఇనుప తుక్కు కూడా విగ్రహమవుతుంది. పాత నట్లు, బోల్టులు, చైన్లు అతికించి 2021లో ప్రధాని మోదీ విగ్రహాన్నే నిలబెట్టారు. అలాంటి ఊళ్లో కుర్రాడికి తన బుల్లెట్టునూ చెక్కించుకోవాలనిపించడం వింతేమీ కాదు. హ్యాండిల్ ఎత్తు, వెనక టైరు వెడల్పు, మడ్‌గార్డు మాయం, సైలెన్సర్ డబడబ! మెకానిక్ బిల్లు అక్కడితో ఆగుతుంది, చట్టం బిల్లు అక్కడే మొదలవుతుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటోంది మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్. అంటే నాలుగు సోకులకు ఇరవై వేలు!

‘నా డబ్బు, నా బండి, మధ్యలో సర్కారుకేం నొప్పి?’ అనొచ్చు. విగ్రహం పీఠం దిగదు. బండి మాత్రం రేపల్లె రోడ్డెక్కుతుంది, సూర్యలంక బీచికి పోతూ పోతూ బాపట్లను నిద్ర లేపుతుంది. బ్రేకు, బరువు, టైరు ఒకదానికొకటి లెక్కచూసి కంపెనీ బిగించినవి. ఒకటి మారిస్తే మిగతా లెక్కా తప్పుతుంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. ‘అమ్మినవాణ్ని వదిలి కొన్నవాణ్నే పట్టుకుంటారా?’ అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించి ఫొటో దిగే పోలీసులు, అవి వేలాడే కొట్ల వైపూ ఓ చూపు చూడాలి. కుర్రాళ్లు మెకానిక్‌ను ముందు అడగాల్సింది రేటు కాదు, ఆర్‌టీఓ అనుమతి వస్తుందా అని!