‘ఒక కాపీ పంపించండి’: భారవాహినీ వ్యాఖ్యాసహితం

మూలం

“అబ్బో, రాస్తున్నారన్నమాట! రాయాలండీ, మనవాళ్ళు రాయాలి. ఒక కాపీ పంపించండి, తీరిగ్గా చదివి అభిప్రాయం చెప్తాను.”

అవతారిక

ఈ మహావాక్యానికి కర్త ఫలానా అని చెప్పలేం. పోనీ అపౌరుషేయం అందామా అంటే, పలికేది ఎప్పుడూ పురుషుడే. స్థలం విజయవాడ పుస్తక మహోత్సవం. 1989లో మొదలై, ఏటా జనవరి మొదటి రోజుల్లో సాగే ఆ తిరునాళ్ళకు మా ఉండి నుంచి ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా రైల్లో, అట్టపెట్టెలు కాళ్ళ మధ్య ఇరికించుకుని వెళ్ళే స్వీయప్రచురణకర్తలం మేం శ్రోతలం. వక్త అప్పుడే వేదిక దిగి వస్తుంటాడు. భుజాన రెండు శాలువాలు, చేతిలో జ్ఞాపిక, వెనకాల ఫొటోలు తీసే కుర్రాడు. ‘పుస్తకాన్ని కొని చదివే సంస్కారం నశించిపోతోంది’ అనే అంశం మీద గద్గద స్వరంతో మాట్లాడి, ఆ గద్గదం ఇంకా ఆరకముందే మా బల్ల దగ్గర ఆగుతాడు.

ఇక వ్యాఖ్య సంగతి. వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మెదకు సీమవాడు. మూలాధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసును పట్టుకున్నాడు. మొదటి ప్రతిజ్ఞ నేనూ చేస్తున్నాను. రెండోది చేస్తే ఈ వ్యాఖ్య నాలుగు పంక్తుల్లో ముగుస్తుంది, నా నడుంనొప్పికి న్యాయం జరగదు. ఆయన తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని పేర్లు పెట్టుకున్నాడు. నా దాని పేరు భారవాహిని. పుస్తకాల పెట్టె ఎత్తినవాళ్ళకు ఆ పేరు ఎందుకో చెప్పక్కరలేదు.

ప్రతిపదార్థం

అబ్బో, రాస్తున్నారన్నమాట — సుగమం.

మనవాళ్ళు — ఇక్కడ పండితులు మూడు మతాలుగా చీలారు. తెలుగువాళ్ళందరూ అని ఉదారుల మతం. గోదావరి జిల్లాలవాళ్ళని ప్రాదేశికుల మతం. మూడో మతం ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ వ్యాఖ్యానంలో రాయరు. అది నా ఇంటిపేరు అడిగి తెలుసుకున్నాకగానీ ఖరారు కాదు. ఖరారయ్యాక ఒక్కోసారి మూలంలోంచి ‘మనవాళ్ళు’ అనే పదమే లేచిపోతుంది.

ఒక — ఏకవచనమే కదా అని తేలిగ్గా దాటిపోకూడదు. పూర్వం కవి కూడా ఒక్క ప్రతే ఇచ్చేవాడు, కృతిభర్తకు. బదులుగా మాన్యమో, అగ్రహారమో, ఏమీ లేకపోతే ఏడాది గ్రాసమో ముట్టేది. ఇప్పుడు ఒక్క ప్రతి అడిగేవాడు అడగడం కృతిభర్తలాగే అడుగుతున్నాడు. మాన్యం మాట మాత్రం మాన్యులు ఎత్తరు.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మా ఉండి మండలంలోనే యండగండి ఉంది. దివాకర్ల తిరుపతి శాస్త్రి 1872లో అక్కడ పుట్టారు. కడియం వాడైన చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రితో జతకలిసి, తిరుపతి వేంకట కవులై, గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి అంటూ సంస్థానాలన్నీ చుట్టి అవధానాలు చేశారు. ఆ ప్రయాణాల్లోని సౌఖ్యం గమనించండి. అవధానికి అచ్చు అక్కరలేదు, బైండింగు అక్కరలేదు, అట్టపెట్టె మొదలే అక్కరలేదు. సరుకంతా నెత్తిలో ఉంటుంది, నెత్తి మీద ఉండదు. అడిగినవాడికి అడిగిన పద్యం అక్కడికక్కడే ఇచ్చేసి చేతులు దులుపుకుని లేవొచ్చు. మిగిలిపోయిన సరుకు వెనక్కి మోసుకురానక్కరలేదు. ఆ జంటకవులు శాలువాలూ పుచ్చుకున్నారు, శాలువాతో పాటు రూకలూ పుచ్చుకున్నారు. ఈ ద్వంద్వ సమాసంలో రూక లోపించి శాలువా ఒక్కటే మిగలడానికి సూత్రమేదైనా ఉందా అని బాలవ్యాకరణమంతా వెతికాను. 1858లో చిన్నయసూరి దాన్ని అచ్చువేసేనాటికి ఈ లోపం ఇంకా ప్రయోగంలోకి వచ్చినట్టు లేదు.

యండగండికి ఎంతో దూరం కాని ఊరు, పక్కనున్న పాలకోడేరు మండలంలోని కుముదవల్లి. భూపతిరాజు తిరుపతిరాజు అనే ఆయన 1897లో అక్కడ గ్రంథాలయం స్థాపించారు. దాని పేరు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం. అప్పటికి కందుకూరి వీరేశలింగం పంతులు నిక్షేపంగా బతికి ఉన్నారు, 1919 దాకా ఉంటారు కూడా. బతికున్న రచయిత పేరు ఒక పల్లెటూరు తన పుస్తకాల గదికి పెట్టుకుందన్న సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు రోమాంచమవుతుంది. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వచ్చింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది. బెజవాడకు ఆ బుద్ధి పుట్టేటప్పటికి కుముదవల్లి పుస్తకాలు పాతబడుతున్నాయి. యండగండి తిరుపతి రాసేవాడు, కుముదవల్లి తిరుపతి చదివించేవాడు. ఇంత దగ్గర్లో ఇద్దరు తిరుపతులు వెలసిన క్షేత్రంలో ఉంటూ, పుస్తకం అమ్ముడుపోవాలని మేం ఇంకా కొండకే మొక్కుకుంటున్నాం.

కాలువల సంగతి కూడా చెప్పి ఈ పదం వదులుతాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో కాలువే రోడ్డు. ధాన్యం పడవ మీదే, పెళ్ళివారు పడవ మీదే. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం 1935లో గ్రంథాలయాన్ని కూడా పడవెక్కించారు. పుస్తకాలు తేలుకుంటూ రేవు రేవుకూ వచ్చి ఆగేవి. చదివేవాడు గట్టు దిగి రావడమే పని. మా ఉండి కాలువలో ఇవాళ తేలుతున్నది గుర్రపుడెక్క.

ఎక్కడున్నాం? ‘ఒక’ దగ్గర. మూలాన్ని మరిచిపోవడం వ్యాఖ్యాతకు దోషం కాదంటారు, వృత్తిధర్మమంటారు.

కాపీ — సుగమం.

పంపించండి — ప్రేరణార్థకం. ప్రేరకుడు వక్త. కవరు కొనేవాడు, గమ్ము అంటించేవాడు, తూకం వేయించేవాడు, పిన్‌కోడు కోసం మళ్ళీ ఫోన్ చేసేవాడు రచయిత. పుస్తకం ఎదురుగా బల్ల మీద గుట్టగా ఉండగా ‘పంపించండి’ అనడమేమిటి, ‘ఇవ్వండి’ అనొచ్చు కదా అని పూర్వపక్షం. ఎదురుగా పుచ్చుకుంటే డబ్బు ప్రసక్తి వచ్చే ప్రమాదముంది గనక అని సిద్ధాంతం.

ఈ క్రియ ఖరీదు పెరిగిన వైనం కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ముందు మాటమాత్రం చెప్పకుండా ఎత్తేసింది. తిరిగి 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు అనేది పెట్టారు. మధ్యలో ఆ నాలుగైదు నెలలూ, పలచటి కథల పుస్తకం పంపాలంటే దాని వెలతో తపాలా ఖర్చు పోటీపడింది. మహావాక్యం పలికేవారి సంఖ్య ఆ నెలల్లోనూ తగ్గలేదు.

ఇక్కడ కాసేపు వ్యాఖ్యానం కట్టిపెట్టి మామూలుగా మాట్లాడతాను. ఐదు వందల కాపీలు వేయించుకున్నవాడు దుకాణానికి ఇస్తే వెలలో నూటికి నలభై దాకా కమీషన్ పోతుంది, మిగిలింది ఎప్పుడొస్తుందో దుకాణదారు దయ. సరే, గ్రంథాలయాలున్నాయి కదా అంటారు. 1960 నాటి చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నేనూ కడుతున్నాను, మహావాక్యం పలికే పెద్దమనిషీ కడుతున్నాడు. ఆ పైసలు స్థానిక సంస్థ ఖజానాలో ఎంతకాలం నిద్రపోతాయో, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎప్పుడు చేరతాయో, చేరినవి కొత్త పుస్తకాలుగా ఎప్పుడు మారతాయో అడుగుతూ ఒక్క పెద్దమనిషి వేదిక మీద మాట్లాడగా వినలేదు. ఆ మాట ఆయన ఒక్కసారి గట్టిగా అడిగితే కాపీ నేనే ఆయన ఇంటికి తీసుకెళ్ళి ఇస్తాను, పిన్‌కోడు కూడా అడగను. మా ఊరి చెరువు గట్టు మీదికి రొయ్యలు కొనేవాడు వస్తే కౌంటు అడుగుతాడు, రేటు చెప్తాడు, బేరమాడతాడు. ‘ఒక పెట్టె ఇంటికి పంపించండి, తీరిగ్గా తిని అభిప్రాయం చెప్తాను’ అన్నవాణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

తీరిగ్గా — వక్తల్లో అధికులు ఉద్యోగ విరమణ చేసినవారు. ఇది ఏ కాలాన్ని తెలుపుతుందో ఊహించుకోవచ్చు.

చదివి — క్త్వార్థకం. ముందు జరిగే పనిని చెప్పాలి. చదవడం ముందు, చెప్పడం తర్వాత. ఇక్కడ మాత్రం వ్యతిరేక క్త్వార్థకంగా అన్వయించుకోవాలి, ‘చదవక’ అని. ప్రమాణం పుస్తకావిష్కరణ సభలు. “పూర్తిగా చదవలేదు, కారులో వస్తూ తిరగేశాను” అని వినయంగా మొదలుపెట్టి, పుస్తకంలో లేని ఇతివృత్తాన్ని గంటసేపు విశ్లేషించిన వక్తలు నా పక్కనే కూర్చుని సన్మానం చేయించుకున్నారు. ఆ శాలువా డబ్బులు కూడా రచయితవే.

అభిప్రాయం — ఎప్పటికీ రాదనడం అన్యాయం. వస్తుంది. “అట్ట బాగుందండీ.” ఆలంకారికులు దీన్ని అప్రస్తుతప్రశంస అంటారు. లక్షణ గ్రంథాల్లో దానికి వేరే నిర్వచనం ఉంది, ఇక్కడ అక్షరాలా తీసుకున్నా చెల్లుతుంది.

పాఠాంతరాలు

‘ఒక కాపీ’ అన్న చోట ‘పీడీఎఫ్ ఉంటే వాట్సాప్ చేయండి’ అని యువ ప్రతుల్లో ఉంది. తపాలా ఖర్చు లేదు గనక ఇది దయాపాఠం. ‘ఇంకో రౌండేసి వస్తాం’ అనేది జంటల పాఠం. మహోత్సవ మైదానం ఏ ఆకారంలో ఉంటుందోగానీ ఆ రౌండు నా బల్ల దాకా తిరిగి రాదు.

‘మా పిల్లలకు తెలుగు చదవడం రాదండీ’ అనే ఇంకో పాఠం ఉంది. చాలామంది దీన్ని నవ్వుతూ, కొంచెం గర్వంగా చెప్తారు. ఒక తల్లి మాత్రం నవ్వకుండా చెప్పింది. పుస్తకం కొనుక్కుని, తనే చదివి వినిపిస్తానంది. దానికి నా దగ్గర టీక లేదు.

అనుభవ టిప్పణి

కొనేవాడి లక్షణాలు లక్షణకర్తలు చెప్పలేదు గనక చెప్తున్నాను. అట్ట మీది పేరు చూసి పలకరించేవాడు కొనడు. వెనకట్ట చదివేవాడు వెల దగ్గర ఆగుతాడు. మధ్యలో ఎక్కడో తెరిచి, నిలబడే రెండు పేజీలు చదివి, మనవైపు చూడకుండా డబ్బు తీసేవాడున్నాడే, అతనే పాఠకుడు. అతను చదువుతున్నప్పుడు రచయిత నోరు తెరిచి కథ చెప్పకూడదు. చెబితే మర్యాదస్తుడు గనక విని, మర్యాదగానే పుస్తకం కింద పెట్టేస్తాడు. నలుగురు కలిసి వస్తే ముగ్గురు చూస్తారు, నాలుగోవాడు ‘పదండ్రా, టీ తాగుదాం’ అంటాడు. సెల్ఫీ అడిగేవాడి కంటే సంతకం అడిగేవాడు మేలు, ఎందుకంటే సంతకానికి పుస్తకం కావాలి. కుర్చీలో కూర్చుని అమ్మినదానికంటే నిలబడి అమ్మినది ఎక్కువ. ఈ కొనేవాళ్ళలో ఒక్కరు కూడా సాహిత్యాన్ని బతికించాలని నాతో అనలేదు. చిల్లర సరిగ్గా ఉందా అని మాత్రం అడిగారు.

తాత్పర్యం

ఓ గ్రంథకర్తా! నీవు గ్రంథము రచించినట్లు నాకు తెలిసినది. కావున దానిని చదువవలసిన అగత్యము లేదు. నీ ఖర్చుతో నా బీరువా నింపుము. మలి ముద్రణ వచ్చినచో కృతజ్ఞతలలో నా పేరును బిరుదులతో సహా వేయుము. రానిచో, తెలుగువారికి చదివే అలవాటు పోయినదని వచ్చే జనవరిలో నేనే చెప్పెదను.

గద్య

ఇది ఉండిగ్రామవాస్తవ్యుండును, అట్టపెట్టె ధురంధరుండును, శాలువాల సమృద్ధిచే దుప్పటి కొనుగోలు మానినవాడును నగు స్వీయప్రచురణకర్తచే రచితంబైన భారవాహిని యను వ్యాఖ్యయందు సర్వంబును సమాప్తము. వెల రూ. 150. ఫోన్‌పే కలదు.