సత్యమునకు రెండంగుళములు

మహమ్మారి కాలమున మన పత్రికలకు అసత్యవార్తల నెదుర్కొనుట తెలియలేదని నిందించుట ఘోరమైన అన్యాయము. 2020 మార్చిలో, కాగితమునంటి కరోనా క్రిమి వేకువనే పాలపాకెట్టుతోపాటు ఇంట జొరబడునన్న వదంతి పుట్టి, అపార్టుమెంట్ల వాచ్‌మన్లు పేపరు కుర్రవాండ్రను గేటువద్దనే ఆపివేసిన తరుణమున, ప్రపంచ ఆరోగ్యసంస్థ మాటలు మొదటి పుటకెక్కినవి. ముద్రణాలయమున మనిషి చేయి సోకకుండ కాగితము యంత్రముపై పరుగిడు వైనము, కట్టలపై శానిటైజరు చల్లు ఛాయాచిత్రముతో సహా, వర్ణితమయ్యెను. వైద్యుల నడిగిరి, ఆధారము చూపిరి, శంకకు తావులేని శీర్షిక పెట్టిరి, పాఠకుడు మరచునేమోనని మరల చెప్పిరి. చందాలకు ముప్పు వాటిల్లిననాడు సత్యమెంత పెద్ద అక్షరములలో పట్టునో అప్పుడే తెలిసినది.

మరుసటి యేడు ఈ విద్య యెందుకో మరుపున బడినది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్యయను నాటువైద్యుడు కోవిడ్‌కిచ్చు మందుకై వేలాది జనము, మాస్కులు గడ్డము క్రిందికి జారగా, ఒకరి వీపునకొకరు ఆని నిలువ, అంబులెన్సులలో వచ్చిన రోగులు సైతము తేనె కలిసిన కంటిచుక్కలకై వేచియుండ, ఆ జనసందోహమే మొదటి పుటల నలంకరించెను. మందు పనిచేయునని పత్రిక యెన్నడును అనలేదు సుమండీ! స్థానికులు చెప్పుచున్నారని మాత్రమే అన్నది. ఆ స్థానికుడే మరునాడు పేపరు మడతవిప్పి, ఇదిగో పేపర్లో కూడ పడిందని పొరుగూరివానికి చూపించెను. ఇంతటి పరస్పర విశ్వాసము దంపతులలోనైనను అరుదు.

మే 31న, కేంద్ర ఆయుర్వేద పరిశోధక మండలి నివేదిక ననుసరించి, రాష్ట్రప్రభుత్వము కంటిచుక్కలను వదలి కొన్ని మందులకు అనుమతి నిచ్చుచు, వానివలన హాని లేదనియు, అయితే కోవిడ్ తగ్గుననుటకు నిదర్శనము లేదనియు తెలిపెను. అనుమతి శీర్షికయయ్యెను, నిదర్శనలేమి లోపలి పుటకు వలసపోయి, 'వాస్తవమేమి?' అను రెండంగుళముల పెట్టెలో, రోగనిరోధకశక్తిని పెంచు కషాయపు ప్రకటన సరసన తలదాచుకొనెను. పెట్టె చివర వైద్యుని సంప్రదింపుడని హితవు గలదు. ఏ వైద్యుడో, ఎచ్చట దొరకునో వ్రాయుటకు చోటు చాలలేదు. కషాయమువారి ఫోను నంబరు మాత్రము కళ్లజోడు లేకుండనే కనబడుచున్నది.