గోడ మీద జాలరి

విశాఖ తీరానికి కొత్త హంగులు దిద్దాలనుకున్న ప్రతిసారీ ఏలినవారికి స్థానిక సంస్కృతి గుర్తుకొస్తుంది. గుర్తుకొచ్చిందే తడవు పెయింటర్‌కి కబురు వెళ్తుంది. గోడ మీద ఒక తెప్ప, ఒక వల, నెత్తిన తట్ట పెట్టుకుని నవ్వే జాలరి ఆడమనిషి వెలుస్తారు. సంస్కృతిని కాపాడేశామని బిల్లు పాసవుతుంది.

గోడ మీది జాలరికి సుగుణాలెన్నో. కంపు కొట్టడు, డీజిల్ సబ్సిడీ అడగడు, ధర్నాకు కూర్చోడు. చిక్కల్లా గోడ అవతలున్న అసలు జాలరితోనే. లక్షలు పోసి కొన్న సీ వ్యూ ఫ్లాట్ బాల్కనీలోకి జాలరిపేటలో ఆరబెట్టిన నెత్తళ్ల వాసన దూరిపోతుంది. పాపం, ఫ్లాటాయనకు సముద్రమంటే ప్రాణమే. చేపలు లేని సముద్రం కావాలంతే. ఆ నెత్తళ్లనే ఏసీ హోటల్లో అరిటాకు ముక్కలో వేపుడుగా పెడితే మాత్రం లొట్టలేసుకుంటూ తిని ఫొటో పెడతాడు. ఎండలో ఉంటే కంపు, ప్లేట్లోకొస్తే సంస్కృతి.

రేవు పట్నాల రూపురేఖల్ని స్థానిక సంస్కృతే తీర్చిదిద్దుతుందని పెద్దలు సెలవిస్తుంటారు. అక్షరాలా నిజం. కాకపోతే అది జాలరిపేట సంస్కృతి కాదు, ఆఫీసు సంస్కృతి. దానికీ ఆచారాలున్నాయి, జాతరలున్నాయి.

ఇసుక జాతరనే తీసుకోండి. ఇక్కడ తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిపోతుంది. 1933లో తెరుచుకున్న ఓడరేవు దాని దారికి అడ్డమైంది. రేవు దగ్గర ఇసుక మేట వేస్తుంటే అవతల ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకని డ్రెడ్జర్‌తో అక్కడ తవ్వి ఇక్కడ పోస్తారు. పోసింది అలలు మళ్లీ పట్టుకుపోతాయి. మళ్లీ తవ్వుతారు, మళ్లీ పోస్తారు. గంగమ్మకు ఇంత నిష్ఠగా మొక్కు తీర్చుకునే భక్తులు పేటలో కూడా లేరు.

రెండోది రిబ్బను పండగ. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలే వంతెనకు ఘనంగా రిబ్బను కోశారు. మర్నాటికల్లా దాని చివరి వేదిక విడిపోయి నీళ్లలో వేరుగా తేలింది. తెగిపోలేదు, మాక్ డ్రిల్ కోసం మేమే విడదీశామని అధికారులు చెప్పారు. ఆ లెక్కన 2014లో వచ్చిన హుద్‌హుద్ తుఫాను కూడా మాక్ డ్రిల్లే అయ్యుండాలి. మనకు ముందుగా చెప్పడం మరిచిపోయి ఉంటారు.

అలల పోటు ఎలా ఉంటుందో, బోటు ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఒడ్డుకు లాగాలో పేటలో ఏ ముసలాయన్ని కదిపినా టీ ఖర్చుతో చెప్పేవాడు. "అడిగితే సెప్పీవోళ్లం గదేటి బాబూ" అంటాడు. అడగరు. ఎక్కడినుంచో విమానంలో దిగిన కన్సల్టెంటుగారు ఆ ముసలాయన్నే కుర్చీలో కూర్చోబెట్టి స్లైడ్లు వేసి సముద్రం గురించి అవగాహన కల్పిస్తారు. తాతకు దగ్గులు నేర్పడానికి కూడా టెండరే!

అందుకని అభివృద్ధికి అడ్డం రాని చిన్న విన్నపం. చేపలు గుడ్లు పెట్టి పెరగాలని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధిస్తున్నారు కదా. ఆ 61 రోజులూ ప్రాజెక్టుల వేట కూడా నిషేధిద్దాం. తీరం కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కన్సల్టెంట్లు నష్టపోతారన్న బెంగ అక్కర్లేదు. మత్స్యకార కుటుంబానికి ఇస్తున్నట్టే వాళ్లకూ సీజను మొత్తానికి రూ.20 వేల భృతి ఇద్దాం. ఆ డబ్బుతో రెండు నెలలు ఇల్లు గడిపి చూపించినవాళ్లకే తర్వాతి టెండరు.