కరువొస్తే చేపలకు కొదవా?

కాలువ కట్టేసిన వారానికల్లా మన గాలం పండితులకు పండగ. తెనాలి మూడు కాలువల్లోనూ నీళ్లు మడుగులకు దిగగానే, "కరువైతేనేం, చేపలు తెగ పడుతున్నాయి" అన్న సిద్ధాంతం బాపట్ల కొమ్మమూరు కాలువ గట్టు మీద మొదలై రేపల్లె దాకా పాకుతుంది. ఈ లెక్కన నాగార్జునసాగర్ 510 అడుగుల కనీస మట్టానికి పడిపోయిన ఏడే మనకు మత్స్య వైభవం! దివాలా తీసిన బ్యాంకు ముందు జనాన్ని చూసి వ్యాపారం జోరుగా ఉందనుకోవడం ఇలాగే ఉంటుంది. నీళ్లు పదో వంతుకు తగ్గితే అవే చేపలు పదో వంతు చోట్లో ఇరుక్కుంటాయి. గాలానికి తగులుతున్నది ఆ ఇరుకే. తెల్లారుజామున అవి పైకి తేలి నోళ్లు తెరిస్తే "మంచి ఆకలి మీదున్నాయి" అంటారు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఇమిడే ప్రాణవాయువు, 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది; అందులోనూ రాత్రంతా నాచుకు వాటా. ఊపిరాడని చేప ఎర ముట్టదు, బెండు కదలదు. గాలం పండితుడు మాత్రం వానపామును తిడతాడు.

శీలావతి, బొచ్చె ముందు పోతాయి. కొర్రమీను పైగాలి పీల్చి నెట్టుకొస్తుంది, ఆ పాపానికి మిగిలిన గుంటకు మోటారు పెట్టి తోడి, బురద కెలికి మరీ దాన్ని పడతారు. వానలు పడ్డాక గుడ్లు పెట్టి, ఎర్రెర్రని పిల్లల గుంపుకు కాపలా కాయాల్సింది ఆ కొర్రమీను జతే. "ఎండితే ఎలాగూ చచ్చేవేగా" అంటారు. నిజమే, ఎండే గుంటలో పూటకూరకు నాలుగు పట్టుకున్నవాడితో నాకు పేచీ లేదు. కానీ మోటారు వెళ్లేది ఎండే గుంటకు కాదు, లాకుల దిగువన నీళ్లు వదిలేదాకా నిలిచే లోతు మడుగుకు.

"నీళ్లొస్తే చేపలు పైనుంచి వాటంతటవే కొట్టుకొస్తాయి" అన్నది ఆఖరి అస్త్రం. ఏ పైనుంచి? దేశంలో 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదనిపించుకున్న 2023లో కృష్ణకు వరద ఏది? శీలావతి, బొచ్చె గుడ్లు పెట్టడానికి వరదే కావాలి. పోనీ వాటా నీళ్లున్నాయా అంటే, నదీజలాలు పంచిన బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు పంచింది, చేపలకని విడిగా చుక్క రాయలేదు. తొలకరి దాటాక ఈ పండితులే గట్టు మీద కూర్చుని, కాలువలో చేపల్లేవు, అంతా రొయ్యల చెరువుల మురుగు వల్లేనని తేల్చేస్తారు. మురుగుకూ పాలుంది, కాదనను. వేసవిలో మోటారు అద్దె కట్టింది మాత్రం రొయ్యలు కావు.