దీపనిర్వాపణ సూత్రము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మూలమున లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని పలుకననియు ప్రతిజ్ఞ పూని మహాకావ్యములకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి మన మెదకుసీమవాడు. ఆ మహనీయుడు కార్యాలయముల గోడలపై వ్రేలాడు ఫలకములను చూడని పుణ్యాత్ముడు గనుక తన ప్రతిజ్ఞను నిలుపుకొనగలిగెను. నేనట్టి అదృష్టమునకు నోచుకొననైతిని. ఒక కాగితముపై ముద్ర వేయించుకొనుటకై ఒకానొక కార్యాలయమున మూడు పూటలు చెక్కబల్లపై కూర్చుండి, చదువుటకు వేఱొకటి లేక, ఎదుటి గోడనున్న ఈ సూత్రమునే పారాయణము చేసితిని. అద్దము బిగించిన చట్రములో, బంగారు రంగు అంచు నడుమ, మేలైన అక్షరములతో వెలయుచున్న ఆ గ్రంథమునకు ఇంతవఱకు టీక లేకపోవుట ఆంధ్ర వాఙ్మయమునకే లోటని తోచి ఈ సాహసమునకు పూనుకొంటిని.

మూలము

గది విడుచువారు దీపములను, పంకాలను విధిగా ఆర్పవలయును. ఆజ్ఞ ప్రకారము.

టీక

గది, దీపములు, పంకాలు: స్పష్టము. స్పష్టమైన పదములకు పుటలకొలది అర్థము వ్రాసి, చిక్కైన పదము తటస్థించినప్పుడు 'సుగమము' అని దాటిపోవుట వ్యాఖ్యాతల సంప్రదాయమే యైనను, నేనీ సూత్రమునందలి క్రియాపదము కడనే కొంత తడవు నిలువదలచితిని.

ఆర్పవలయును: తెలుగు ఇల్లాలు దీపమును ఆర్పునే గాని 'ఆర్పితిని' అని నోట ననదు, 'కొండెక్కినది' అనును. బియ్యము అయిపోయినచో 'నిండుకొన్నవి' అనియు, నల్లపూసలు తెగినచో 'పెరిగినవి' అనియు పలుకు జాతి మనది. లేమిని కలిమిగా, తెగుటను పెరుగుటగా చెప్పుకొను ఈ మర్యాద మూఢవిశ్వాసమని పరిహసింపవచ్చును గాని, దాని వెనుక దీపమనగా లెక్కలేని వస్తువు కాదను ఎఱుక ఒకటి యున్నది. మా నాయనమ్మ సంధ్యవేళకు ముందే లాంతరు నడుమ నుంచుకొని, చిమ్నీని ఊడదీసి, గుప్పెడు ముగ్గుపిండి లోన పోసి, పాత ధోవతి గుడ్డను వ్రేళ్లకు చుట్టుకొని, మసి పోవువఱకు తిప్పి తిప్పి తుడిచెడిది. తుడిచిన చిమ్నీని ఆకాశమువైపు ఎత్తి, ఒక కన్ను మూసి, ఈ కొననుండి ఆ కొనకు చూచి గాని దించెడిది కాదు. వెలుతురు చాలలేదని మేము ఒత్తి పెంచబోయినచో చేతిమీద ఒకటి వేసి, "ఒత్తి పెంచితే కిరసనాయిలు తాగుద్ది రా! చిమ్నీ తుడిస్తే ఏం తాగుద్ది?" అనెడిది. ఇంధనశాస్త్రము నంతటిని ఇంత చౌకగా చెప్పినవారిని నేను మఱి యెఱుగను. ఉన్న వెలుగును అడ్డగించు మసిని తొలగించుట ముందు; కొత్త వెలుగును కొనుట తరువాత. గొట్టపుదీపముపై పేరుకొన్న దుమ్మును తుడుచుట, పంకారెక్కల అంచున గడ్డకట్టిన మురికిని గోకుట, ఏసీలోని వలను విప్పి కుళాయి క్రింద కడుగుట, మిద్దెపై తెల్లసున్నము పూసి ఎండను వచ్చిన దారినే పంపుట, ఇవన్నియు ఆ చిమ్నీ తుడుపునకు దాయాదులే. ఈ కడపటిదానిని తెలంగాణము 2023లో చల్లని పైకప్పుల విధానమను పేర ప్రభుత్వ శాసనములలోనికి ఎక్కించినది. మా నాయనమ్మ అంతకు చాల ముందే గోడలతోపాటు మిద్దెకును సున్నము కొట్టించెడిది.

ఎక్కడనో మొదలిడి ఎక్కడికో పోయితిని. ప్రకృతమును గైకొందము.

దీపమును ఆర్పవచ్చును, పంకాను ఆర్పుట యెట్లు? 'నిప్పుతో తడుపుచున్నాడు' అను వాక్యమునకు యోగ్యత లేదని తార్కికులు బాలురకు బోధింతురు. తడుపుటకు నీరు కావలెను, ఆర్పుటకు మంట కావలెను. కోస్తావారు పంకాను కట్టివేయుదురు, తెలంగాణమువారు బంద్ చేయుదురు. ఆర్పువారిని ఈ ఫలకముపైననే చూచితిని. వాక్యమునకు యోగ్యతతోపాటు ఆకాంక్ష, సన్నిధి యనునవి కూడ ఉండవలెనని శాస్త్రము. వీనిలో ఆకాంక్ష ఆ కార్యాలయమున ఎవరికిని కానరాలేదు. ఇక సన్నిధి మాట: దీపము ఈ గదిలో, దాని మీట ప్రక్కగదిలో, ఆ గది తాళము వేఱొకరి జేబులో!

విడుచువారు: ఎవరు? టీ త్రాగుటకు లేచినవారా, బదిలీపై పోవువారా? బహువచనము గౌరవార్థకమైనచో అధికారి యగును. వాస్తవార్థకమైనచో అందఱును అగుదురు, అనగా ఎవరును కారు.

ఆజ్ఞ ప్రకారము: ఆజ్ఞాపించినవాని పేరు లేదు. వేదమువలె ఇదియు అపౌరుషేయమని గ్రహింపవలెను.

విశేషము

సూత్రము చెప్పినదానికంటె చెప్పనిది ఘనము. ఏసీ యను మాట ఇందు లేదు. లోపలి గదిలో అది 18 డిగ్రీలపై ఘోషించుచుండగా, అధికారి భుజములపై శాలువ కప్పుకొని సంతకములు చేయుచుండెను. తలపైన పంకా తిరుగుచుండెను. తలుపు మూసికొనిపోకుండ దాని అడుగున ఒక పాత ఫైలు ఆనించబడి యుండెను. మిట్టమధ్యాహ్నపు టెండను బరువైన తెరలతో అడ్డగించి, ఆ చీకటిని పోగొట్టుటకు ఆరు గొట్టపుదీపములు వెలిగించిరి. ఒకటిన్నర టన్నుల ఏసీ నడుచునప్పుడు సుమారు 1500 వాట్లు లాగును. సామాన్యమైన పంకా 75 వాట్లు. అనగా ఒక ఏసీ ఇరువది పంకాల పెట్టు. ఒక్క డిగ్రీ పెంచినచో దాదాపు నూటికి ఆరు వంతుల విద్యుత్తు మిగులునని కేంద్రప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థయే చెప్పుచున్నది. 2020 జనవరి నుండి కొత్తగా వచ్చు ఏసీలు 24 డిగ్రీలపైననే మొదలు కావలెనను నియమమును వచ్చినది. నియమము 24 కడ మొదలిడును. వ్రేలు 18 కడ విశ్రమించును. 26 కడ నుంచి, పైన పంకా తిప్పి, ఆ ఫైలును బీరువాలో పెట్టి తలుపు మూసినచో శాలువ ఖర్చు కూడ మిగులును.

ఇంకొక విశేషము. ఫలకము చక్కగా కానవచ్చుటకై దానిపై 9 వాట్ల ఎల్‌ఈడీ దీపము నొకదానిని అమర్చిరి. అది రేయింబవళ్లు వెలుగునని అక్కడి బంట్రోతు చెప్పెను. ఆ లెక్కను ఏడాదికి సుమారు 79 యూనిట్లు. పొదుపు చేయుడని చెప్పుటకు ఇంత ఖర్చు!

మూడవ నాటి సాయంకాలము ముద్ర పడినది. అప్పటికి హాలులో నేనొక్కడనే మిగిలితిని గనుక 'విడుచువారు' అను పదమునకు లక్ష్యము నేనే యని నిశ్చయించుకొని మీటల పలక కడకు పోయితిని. పదునాఱు మీటలు, ఒక్కదానిపైనను పేరు లేదు. ఒకదానిపై వ్రేలు మోపితినో లేదో బంట్రోతు పరుగెత్తి వచ్చి, "అది ముట్టుకోకండి సార్! ఏది నొక్కితే ఏది ఆగుద్దో మాకే తెలీదు. మొన్న ఒకాయన నొక్కితే కంప్యూటర్లన్నీ పోయినయ్" అనెను.

నవ్వు రాలేదు. ఇన్నాళ్లుగా ఆ ఫలకము గద్దించుచున్నది ఇతనినే గదా యని కష్టము తోచినది. ఏసీ అంకె ఇతని చేతిలో లేదు, తెర ఇతని చేతిలో లేదు, మీటల కూర్పు ఇతడు చేసినది కాదు. నింద మాత్రము ఇతనిది.

తాత్పర్యము

ఓ అజ్ఞాత సూత్రకారా! ఆజ్ఞ చాలును. ఒక తెల్లకాగితమును పదునాఱు ముక్కలు చేసి, ఏ మీట దేనిదో ఒక పూట కూర్చుండి కనిపెట్టి, వాని క్రింద చీటీలు అంటింపుము. కిటికీ ప్రక్క దీపములకు వేఱుగా ఒక మీట పెట్టింపుము. అటుపిమ్మట ఈ ఫలకమును దింపించినను లోటు లేదు; దింపించునపుడు దానిపైనున్న దీపమును కట్టివేయుట మఱవకుము.