ఆవు తేన్పుకూ లెక్కేనా?

ఇప్పుడు ఆవు తేన్పును కూడా కొలుస్తున్నారు. బెంగళూరులో పసుల మేత మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఒకటుంది. జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ అని పొడుగాటి పేరు. వాళ్లు 2021లో ‘హరిత్ ధార’ అని ఒక పొడి బయటపెట్టారు. దాణాలో కలిపి పెడితే పశువు వదిలే మీథేన్ 17 నుంచి 20 శాతం దాకా తగ్గుతుందట, పాలు కూడా కాస్త పెరుగుతాయట. కిలోకు 6 రూపాయల దాకా పడుతుందని అప్పట్లో లెక్కగట్టారు.

ఈ ముచ్చట నాకు చెప్పింది మా పక్కింటి పిలగాడు. పశువైద్యం చదువుతున్నాడు. “పెద్దనాయినా, పాలిచ్చే బర్రె ఒక్కటే దినానికి 200 లీటర్ల మీథేన్ వదుల్తది, ఎరుకేనా?” అన్నాడు. ముందు 20 లీటర్లు పాలిచ్చే బర్రె ఏడుందో చెప్పురా, పోయి కొనుక్కొస్తా అన్నాను.

వాడు నవ్వి ఊరుకోలేదు, విడమరిచి చెప్పాడు. పశువు పెద్దపొట్టలో గడ్డి పులుస్తుంది. కంటికి కనపడని జీవులు దాన్ని విరగ్గొడితే హైడ్రోజన్ పుడుతుంది. దాన్ని పట్టుకొని ఇంకో జాతి సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి. పదింట తొమ్మిది పాళ్లు తేన్పుతో నోట్లోంచే బయటికొస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుందట. అదంతా ఒక ఎత్తు. నాకు తగిలిన మాట వేరే ఉంది. పశువు తిన్న మేతలోని శక్తి నూటికి 6 నుంచి 10 పాళ్ల దాకా ఈ తేన్పుల్లోనే పోతుందట. అంటే మనం మోసి తెచ్చి వేసిన మేతే గాలికి పోతున్నట్టు. ఇట్లా చెప్తే ఏ రైతుకైనా ఎక్కుతుంది. భూగోళం సంగతి తర్వాత.

మా రోజుల్లో కల్వకుర్తి చుట్టుపక్కల చెలకల్లో జొన్న, సజ్జ, కంది, ఆముదం, పల్లి వేసేవాళ్లం. కోత అయ్యాక జొన్న సొప్ప వాము పెడితే ఎండకాలం గడిచేది. దాని పక్కన కందిపొట్టు, పల్లితీగ, ఉలవపొట్టు ఉండేవి. దుక్కి రోజుల్లో ఎడ్లకు ఉడకబెట్టిన ఉలవలు, పాలిచ్చే బర్రెకు తవుడు కలిపిన కుడితి, పల్లిచెక్క. బీడు మీదికి తోలితే పది రకాల గడ్డి, పది రకాల ఆకు. ఎండలు ముదిరితే తుమ్మకాయ. గొల్లాయన దోటితో కొమ్మ దులిపితే గలగలమని కాయలు రాలేవి, ఆ చప్పుడుకే మేకలు గుట్ట దిగి ఉరికొచ్చేవి. మర్నాడు పొద్దున దొడ్డి ఊడిస్తే రాత్రి నెమరేసి ఉమ్మిన తుమ్మ గింజలు చేటెడు దొరికేవి.

ఈ హరిత్ ధార దేనితో చేశారని అడిగితే, టానిన్లు ఎక్కువుండే చెట్లూ మొక్కల సరుకుతోనట. టానిన్ అంటే మన తుమ్మకాయలో ఉండే ఆ వగరే. వగరు ఎక్కువైతే మేత అరగదని మా గొల్లలకూ తెలుసు, అందుకే కాయలు మితంగా దులిపేవాళ్లు. బెంగళూరువాళ్లు ఆ మితాన్ని కొలిచి సంచిలో పోశారు. దానికి వాళ్లను మెచ్చుకోవాల్సిందే. నా కోపం పొడి మీద కాదు, తుమ్మ చెట్లన్నీ కొట్టేసినంక పొడి రావడం మీద.

శ్రీశైలం వెనకనీళ్లు కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు నుంచి ఎత్తిపోతలతో మా దిక్కు వచ్చాయి. నీళ్లొద్దని ఎవడంటాడు? వలసపోయినోళ్ల బాధ చూసినవాణ్ని, నేను అసలే అనను. కానీ నీళ్ల వెంట వరి వచ్చింది, నీళ్లు అందని చోట పత్తి వచ్చింది, జొన్న పోయింది. పత్తికట్టె పశువుకు మేత కాదు. వరిని మిషన్ కోస్తే గడ్డి సగం మడిలోనే నలిగిపోతుంది, మిగిలింది కొందరు అగ్గిపెట్టేస్తారు. ఇక దొడ్లో పశువుకు పొద్దుమాపు వట్టి వరిగడ్డే. అది పశువుకు సరిగ్గా అరగదు, పాలు పెరగవు, తేన్పులు మాత్రం తగ్గవు. నీళ్లు నిలిచిన వరిమడి కూడా ఇదే మీథేన్ వదులుతుందట. తిట్లు మాత్రం బర్రెకే. ఇక శ్రీశైలం రోడ్డు పొడుగునా బీళ్లన్నిట్లో ప్లాట్ల రాళ్లు పాతారు. పశువు మేసేది ఎక్కడ?

బయటి దేశాల సంగతీ పిలగాడే చెప్పాడు. ఐరోపాలో 2022లో బోవేర్ అనే మందుకు అనుమతిచ్చారు. కొట్టంలో కట్టేసిన ఆవు దాణాలో చిటికెడు కలిపితే మీథేన్ 30 శాతం దాకా తగ్గుతుంది. బయట మేసే పసులతోనే అసలు చిక్కు. పొడి రోజూ పొట్టలోకి పోతుండాలి, మేతకు పోయినదానికి ఎవరు తినిపించాలి? కాలిఫోర్నియావాళ్లు సముద్రపు నాచుతో గుళికలు చేసి పచ్చికలో మేసే కోడెలకు పెడితే 40 శాతానికి దగ్గరగా తగ్గిందని 2024లో చెప్పారు. బాగానే ఉంది. మన అమ్రాబాద్ పొడ తూర్పు పసుల దగ్గరికి ఆ గుళికలు ఎవరు తీసుకుపోతారు? ఒంటి మీద పొడలున్న ఆ జాతికి 2020లో గుర్తింపు వచ్చింది. నల్లమలలో మేసే ఆ మందలు దాణా మొహమే చూడవు. పాల లీటరుకు ఇంత మీథేన్ అని లెక్కేస్తే అవే పెద్ద దోషులుగా తేలతాయి, ఎందుకంటే అవి పాలిచ్చేది కొంచెమే. అవి దున్నిన సాళ్లు, వేసిన ఎరువు ఆ లెక్కలో ఏ గడిలో రాశారు?

కాబట్టి నా మాట ఇది. ఈ పొడిని పాలకేంద్రానికి పాలుపోసే, దాణా తినే బర్రెలకు, జెర్సీ ఆవులకు ముందు పెట్టండి. ధర రైతు నెత్తిన రుద్దకండి, గాలి బాగుపడితే అందరికీ లాభమే కదా. మేసే పసుల జోలికి మాత్రం పొడితో రాకండి. వాటికి ఊరుమ్మడి బీళ్లు విడిపించి, కంచె వేసి, గడ్డి పెరగనివ్వండి. పసుల దవాఖానకు ఆ సంచులు దించే లారీలోనే జొన్న విత్తనాల బస్తాలు కూడా నాలుగు వేసి పంపండి.