సీలు విప్పిన డబ్బా

నేనొక సాఫ్ట్‌వేర్ డబ్బాని. కాలిఫోర్నియా బే ఏరియాలోని శాన్ రామన్‌లో ఒక తెలుగువారి గరాజ్‌లో, పై అరలో, ఖాళీ ఆవకాయ జాడీల వెనక ఉంటాను. ఇంటి లెక్కలు రాసుకోవడానికని 2002లో ఈ ఇంటాయన నన్ను కొన్నాడు.

సీలు చింపి సీడీ పెట్టగానే తెర మీద చీమలబారులా లైసెన్సు ఒప్పందం దిగింది. ఒప్పుకోకపోతే వాడకుండా కొన్నచోటే ఇచ్చేసి డబ్బు తీసుకోమని అందులోనే ఉంది. ఆయన ఒప్పుకోలేదు. షాపుకి పట్టుకెళ్తే, కౌంటర్లో కుర్రాడు నా మీద చిరిగిన ప్లాస్టిక్ చూపించి, విప్పితే వాపసు లేదన్నాడు. విప్పకుండా చదవడం ఎలాగో మాత్రం చెప్పలేదు.

"గ్రైండరైతే కాస్ట్‌కోలో మారుమాట్లాడకుండా తీసుకున్నారు కదండీ!" అంది ఇంటావిడ, కారెక్కుతూ.

షాపువాళ్ళ భయం ఉత్తదేం కాదు. సీడీ కాపీ చేసుకుని డబ్బా తిరిగిచ్చే ఘనులు అప్పట్లో ఉండేవారు. నా పక్కనా ఒక ఖాళీ సీడీల కట్ట ఉండేది; ఎందుకో చెప్పను.

ఈ గొడవ నాతో మొదలైంది కాదు. 1999 ఫిబ్రవరి 15న లినక్స్ వాడేవాళ్ళు ఇదే బే ఏరియాలోని ఫాస్టర్ సిటీలో మైక్రోసాఫ్ట్ ఆఫీసుకి వెళ్ళి, కంప్యూటర్‌తో అంటగట్టిన విండోస్ మాకొద్దు, డబ్బివ్వండి అన్నారు. కంప్యూటర్ చేసినవాళ్ళని అడగమని చెప్పి పంపేశారు. 2003లో మరిన్ కౌంటీలో ఒకావిడ, అచ్చం మా ఇంటాయన గోడుతోనే, సాఫ్ట్‌వేర్ కంపెనీల మీదా షాపుల మీదా దావా వేసింది. మరుసటేడు రాజీ కుదిరింది.

ఇప్పుడు డబ్బాల్లేవు, నెలనెలా చందాలే. డబ్బు వెనక్కిచ్చి, కూర్చున్నచోటు నుంచే ప్రోగ్రాం ఆపేయగలరు. ఇంక కాపీ భయమెక్కడిది? 2015లో స్టీమ్ ఆటల దుకాణం, కొన్న 14 రోజుల్లో అడిగితే, ఆడింది 2 గంటల్లోపైతే డబ్బు ఇచ్చేస్తామంది. దాని కొంపేం మునగలేదు. ఐరోపాలో 2022 నుంచి, డిజిటల్ సరుకు చెప్పినట్టు పనిచేయకపోతే బాగుచేయాలి. చేయలేకపోతే ధర తగ్గించాలి, లేదా సొమ్ము తిరిగివ్వాలి. కాలిఫోర్నియా 2025లో అమల్లోకి తెచ్చిన కట్టడి వేరు: లైసెన్సు మాత్రమే ఇస్తూ 'కొనండి' అని రాస్తే, ఆ సంగతి ముందే చెప్పాలి. నిజం చెప్పిస్తుంది గానీ డబ్బు ఇప్పించదు.

తప్పుల్లేని ప్రోగ్రాం ఎవరి తరమూ కాదంటారు. నిజమే, కానీ అడిగిందెవరు? డబ్బా మీద రాసింది చేస్తే చాలు.

మా ఇంటాయన బిషప్ రాంచ్ ఆఫీసుల్లో ప్రోగ్రాములే రాస్తాడు. మొన్న గరాజ్ సర్దుతూ కూతురు నన్ను తిప్పి చూసి, "మీవాళ్ళు రిఫండ్ ఇస్తారా నాన్నా?" అనడిగింది.

"లీగల్ వాళ్ళని అడగాలమ్మా" అన్నాడు.